కన్సోల్ ఆగిపోతుందని నేను చెప్పిన ఆదివారం

ఏ యంత్రం తయారీ ఎప్పుడు ఆగిపోతుందో ముందుగా చెప్పగల మనిషి ఈ చుట్టుపక్కల జిల్లాల్లో నేనొక్కణ్ణే. ఏలూరులో నలభై ఏళ్ళు రేడియోలూ టీవీలూ బాగు చేశాను. నలుపు తెలుపు టీవీ పోయే ఏడు చెప్పాను. క్యాసెట్ ప్లేయరు పోయే నెల చెప్పాను. లావుపాటి పిక్చర్ ట్యూబు టీవీ ఇక రాదని చెబితే, బజారులో డీలర్లందరూ నా కొట్టు ముందు వరస కట్టారు.

వరస కట్టలేదు. ఒకాయన వచ్చాడు, అదీ అంతకుముందు మరిచిపోయిన గొడుగు కోసం. క్యాసెట్ ప్లేయరు సంగతి విజయవాడ నుంచి స్పేర్లు తెచ్చే ఏజెంటు టీ తాగుతూ నాతో అన్నాడు, నేను దాన్ని నా జోస్యంగా వీధిలో చెప్పాను. నలుపు తెలుపు టీవీ పోతుందని ప్రతి ఏడాదీ చెప్పేవాణ్ణి, చివరికి ఒక ఏడాది పోయింది. ఇది ముందే ఒప్పేసుకుంటే తరవాత చెప్పబోయేది మీరు నమ్ముతారని నా ఆశ.

ఇక నా వియ్యంకుడి గురించి. ఆయనంటే నాకు పడదు, నేనంటే ఆయనకి అంతకన్నా పడదు. మండవల్లి అవతల కొల్లేటి అంచున ఆయనకి చేపల చెరువులున్నాయి. పెళ్ళి మాటలకి మా ఇంటికి వచ్చిన రోజున హాల్లో ఫ్యాను తిరగలేదు. ఆయన తలెత్తి చూసి, "టీవీలు బాగుచేసే ఇల్లు కదండీ, ఫ్యానుకి వేరే మనిషి ఉంటాడేమో" అన్నాడు. మా వైపు తిట్టుకి కూడా అండీ తగిలిస్తాం, అందుకే దెబ్బ తగిలినట్టు కాసేపు ఆగి గాని తెలియదు. నేను పెళ్ళి విందు దాకా ఆగాను. ఆయన చెరువు చేప వడ్డించగానే బురద వాసన వేస్తోందని పంక్తి మొత్తానికి వినపడేలా అన్నాను. వాసన లేదు. చాలా బాగుంది. రెండోసారి కూడా వేయించుకున్నాను.

అప్పటినుంచి ఆయన రైలంటే నేను బస్సంటాను. నేను వాన వస్తుందంటే ఆయన గొడుగు లేకుండా బయల్దేరి తడిసి వస్తాడు గాని నా మాట నిజమని ఒప్పుకోడు.

మా ఇద్దరికీ మధ్యన ఉన్నది ఆయన కూతురు, నా కోడలు. మా అబ్బాయి తణుకులో ఉద్యోగానికి వెళ్ళి వస్తుంటాడు. కోడలు తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్ వెనక వీధిలో, మేడ మీద గదిలో గేమ్ సెంటర్ నడుపుతుంది. నాలుగు టీవీలు, ఒక్కోదానికి ఒక కన్సోలు. అంటే టీవీకి తగిలించి ఆటలాడే డబ్బా. కాలేజీ పిల్లలు గంటల లెక్కన వచ్చి, కంట్రోలరు రెండు చేతులా పట్టుకుని బంతాటలూ కారు పందేలూ ఆడిపోతుంటారు. ఆమె దగ్గరున్నవి పాత తరం కన్సోళ్ళు. వాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. స్పేర్లు దొరకవు. ఒకదాన్లో ఫ్యాను తీసి ఇంకోదాన్లో పెట్టి, వాటి ప్రాణం నిలబెట్టేవాణ్ణి నేనే.

కిందటేడు ఆమె పక్క గది ఖాళీ అయింది. ఆ గది కూడా తీసుకుని, ఇప్పుడు నడుస్తున్న తరం కన్సోళ్ళు కొని పెట్టుకుంటే సెంటర్ నిలబడుతుంది. లేకపోతే పాత డబ్బాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి, వాటితోపాటు సెంటరూ పోతుంది. ఇంటాయన ఆదివారం సాయంత్రం లోపల మాట చెప్పమన్నాడు, ఇంకొకరు కూడా అడుగుతున్నారట. ఇంతలో ఇప్పటి కన్సోళ్ళ తరవాతి తరం రాబోతోందని ఫోనుల్లో ఒకటే గోల.

ఆమె నాకు ఫోను చేసింది. "మామయ్యగారూ, ఆగిపోయిన మిషన్లతో పడ్డ పాట్లు నాకు చాలండీ. ఇప్పుడొస్తున్నవి కూడా నేను కొన్న మర్నాడే ఆపేస్తే నా గతేం కావాలి? ఇంకా కొన్నేళ్ళు తయారవుతాయని మీరంటే గది తీసుకుంటాను. కాదంటే వదిలేస్తాను. ఆదివారం ఒకసారి వచ్చి చెప్పండి, నాన్నని కూడా రమ్మన్నాను."

చివరి మాట నేను సరిగా వినిపించుకోలేదు.

ఆదివారం ఆరాధన కాగానే, బైబిలు సంచీ చేతిలో ఉండగానే బస్సెక్కాను. ఉంగుటూరు దాటేసరికి చెప్పవలసిన మాట నా నోట్లో సిద్ధంగా ఉంది. అదేమిటో తరవాత చెబుతాను. మేడ మెట్లెక్కి చూస్తే గుమ్మం పక్కన చెరువు బురద ఎండిన చెప్పులు.

లోపలినుంచి గొంతు వినిపించింది. "రండి బావగారూ! మిషన్లకి జాతకం చెప్పే పెద్దమనిషి వచ్చారమ్మా, కుర్చీ వెయ్యి."

"మీరు లేవకండి బావగారూ. ఆ కుర్చీ ఇక కడిగితే గాని ఇంకొకరికి పనికిరాదు. నేను స్టూలు మీద కూర్చుంటాను."

"స్టూలే మంచిదండీ మీకు. అలవాటైన ఎత్తు."

"నాన్నా, ఊరుకో" అంది కోడలు.

"నేనేమన్నానమ్మా? కూర్చోమన్నాను."

ఆమె ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. ఆయన ఆ అమ్మాయిని గది తీసుకోమని, కన్సోళ్ళు కొనమని చెప్పడానికే వచ్చాడని నాకు ఆ చెప్పులు చూసినప్పుడే అర్థమైంది. ఆయన నోరు విప్పకముందే నేను విప్పాను.

"వచ్చే క్రిస్మస్ లోపల ఇప్పటి కన్సోల్ తయారీ ఆపేస్తారమ్మా. రాసిపెట్టుకో. జపానులో ఆ ఫ్యాక్టరీలో నాకు తెలిసిన ఇంజనీరు ఉన్నాడు. మొన్ననే ఉత్తరం రాశాడు."

జపాను నుంచి వచ్చినవాటిలో నాకు తెలిసింది నా సోల్డరింగ్ ఐరన్ ఒక్కటే. కాని మొదలుపెట్టాక ఆగడం నాకు చేతకాదు. వియ్యంకుణ్ణి ఆయన నేల మీదే పడగొట్టాలనిపించి చెరువులోకి దిగాను.

"బావగారి చెరువే తీసుకో. కొత్త చేపపిల్ల వెయ్యాలంటే ముందేం చేస్తారు? పాత చేపంతా పట్టేస్తారు. నీళ్ళు తోడేస్తారు. అడుగు బీటలు వారేదాకా ఎండగడతారు. సున్నం చల్లుతారు. అప్పుడుగాని కొత్త పిల్ల పడదు. కంపెనీ అయినా అంతే. కొత్త తరం వస్తోందంటే, ఇప్పుడున్నదాన్ని ఈపాటికే ఎండగడుతున్నారన్నమాట. ఏం బావగారూ, తప్పు చెప్పానా?"

ఆయన నోరు తెరిచాడు. నా వంక చూశాడు. నోరు మూసుకున్నాడు. గ్లాసు ఎత్తి మజ్జిగ అడుగు దాకా తాగాడు.

"నాన్నా?" అంది ఆమె.

"మిషన్లు నాకేం తెలుసమ్మా. చెరువు సంగతి మాత్రం బావగారు బాగా చదువుకుని వచ్చారు."

నేను గెలిచాననుకున్నాను. ఆమె మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, వాళ్ళ నాన్న లేచి బయటికి వెళ్ళాక ఫోను తీసి ఇంటాయనకి గది వద్దని చెప్పేసింది. నా ఎదురుగానే చెప్పింది. వద్దనకమ్మా అని ఒక్క మాట అని ఉండొచ్చు. వియ్యంకుడు మెట్ల దగ్గర చెప్పులు దులుపుకుంటున్నాడు, వెనక్కి వచ్చి వింటాడేమోనని నేను అనలేదు.

క్రిస్మస్ వచ్చింది, వెళ్ళింది. కన్సోల్ ఆగలేదు సరికదా, అదే మోడల్ పెట్టెలు కొత్త సరుకు వచ్చిందని పేపరులో సగం పేజీ ప్రకటన వేశారు. పక్క గది అడుగుతున్న మనిషి దాన్ని తీసుకుని పెట్టింది మరేదో కొట్టు కాదు, గేమ్ సెంటరే. ఆరు కన్సోళ్ళు, అన్నీ ఇప్పటి తరానివే, ఏసీ కూడాను. మధ్య గోడ పలచన. కోడలి గదిలో కూర్చుంటే అవతల గోల్ పడినప్పుడల్లా అరుపులు వినిపిస్తాయి. అరిచేవాళ్ళలో సగంమంది నిన్నమొన్నటిదాకా ఇవతల కూర్చున్నవాళ్ళే.

ఒకరోజు ఫ్యాను మార్చడానికి వెళితే నాలుగు టీవీల్లో మూడు ఆపేసి ఉన్నాయి. ఆమె నాలుగోదాని తీగ సర్దుతోంది. నేనే ఉండబట్టలేక, "జపాను వాళ్ళు మాట మీద నిలబడే మనుషులు కారమ్మా" అన్నాను.

"జపాను మాట నేను నమ్మలేదండీ" అంది, తల తిప్పకుండానే. "మీరు చెప్పారని కూడా కాదు. మీరిద్దరూ ఒక్క మాట మీద ఉండడం నా పెళ్ళయ్యాక అదే మొదటిసారి. మా నాన్న మీకు అడ్డు చెప్పలేదంటే అది నిజమై తీరాలనుకున్నాను."

మర్నాడు పొద్దున్నే మండవల్లి వెళ్ళాను, పోట్లాడ్డానికి. వియ్యంకుడు చెరువు గట్టు మీద నిలబడి ఉన్నాడు. నీళ్ళలో పాతిన కర్రలకి చిల్లుల సంచుల్లో తవుడు కట్టి వేలాడదీసి ఉంది, చేపలు వచ్చి వాటిని పొడుస్తున్నాయి.

"ఏవండీ బావగారూ, ఆ రోజు నోరెందుకు మూసుకున్నారు?"

ఆయన గట్టెంట నడిచి, పక్కనున్న చిన్న చెరువు చూపించాడు. "ఇదేమిటో తెలుసా అండీ? పిల్ల చెరువు. ఏడాది నుంచి ఇందులో పిల్ల పెంచుతున్నాను. పెద్ద చెరువులో చేప ఇంకా పట్టనేలేదు. పాతదీ కొత్తదీ ఎప్పుడూ పక్కపక్కనే ఉంటాయి. పెద్దది ఖాళీ చేశాక పిల్ల కోసం వెతుక్కునేవాడు చెరువు చెయ్యడు, మీలా కబుర్లు చెబుతాడు."

"మరి అక్కడే చెప్పలేకపోయారా?"

"మీరు తప్పు మాట్లాడుతుంటే వినడం నాకు ఇష్టమండీ. క్రిస్మస్ వచ్చాక పదిమందిలో అడుగుదామని దాచుకున్నాను. ఆ సాయంత్రమే గది పోతుందని నాకు తెలీదు." ఆయన నా వైపు తిరిగాడు. "మీకు తెలుసు కదూ?"

తెలుసు. ఆమె ఫోనులో చెప్పింది నాకే.

"వెళ్ళి అమ్మాయికి చెప్పండి" అన్నాడు.

"ముందు మీరు చెప్పండి."

ఇద్దరం ఒకే బస్సెక్కాం. ఆయన ముందు సీటు, నేను వెనక సీటు. గూడెం దాకా ఆయన మెడ చూస్తూ తిట్లు ఏరుకున్నాను.

మధ్యాహ్నం గదిలో ఎవరూ లేరు. ఆయనే ముందు చెప్పేశాడు, అక్కడ కూడా నన్ను వెనక పడేశాడు. "బావగారు చెప్పింది తప్పని నాకు తెలుసమ్మా. కావాలనే ఊరుకున్నాను. గది ఆ సాయంత్రమే పోతుందని తెలిస్తే ఊరుకునేవాణ్ణి కాదు."

ఆమె నా వైపు తిరిగింది. "పోనీండి, మీకు తెలీక చెప్పారు."

తప్పుకోవడానికి దారి ఆమే చూపించింది. తెలీక చెప్పాను అంటే సరిపోయేది. ఈ వయసులో తెలియకపోవడం ఎవరూ తప్పు పట్టరు.

కాని నాకు తెలుసు. ఆ ఆదివారానికి పది రోజుల ముందు ఏలూరులో ఇద్దరు కుర్రాళ్ళు ఇప్పటి తరం కన్సోళ్ళు రెండు రిపేరుకి తెచ్చారు. ఒకటి మొదట్లో కొన్నది, ఇంకోటి ఈమధ్య కొన్నది. అడుగున అంటించిన కాగితం మీద తయారీ నెల ఉంటుంది. కొత్తది చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా అనిపించి, వీధి చివర కూరల కొట్టు త్రాసులో రెండూ తూచాను. విప్పి చూస్తే కొత్తదాన్లో వేడి లాగే లోహపు దిమ్మ చిన్నది చేశారు. కంపెనీ ఆపెయ్యబోయే సరుకు మీద అంత బుర్ర పెట్టదు. లోపల లోహం తగ్గించి చవగ్గా చేస్తోందంటే, ఇంకా చాలాకాలం చెయ్యాలనే. టీవీల్లో ఇదే చూశాను, నలభై ఏళ్ళు. నా జీవితంలో ఎవరి దగ్గరా వినకుండా, నా చేతుల్తో నేను కనిపెట్టిన జోస్యం అదొక్కటే. ఉంగుటూరు దాటేసరికి నా నోట్లో సిద్ధంగా ఉన్న మాట, 'కొనేసెయ్యమ్మా' అని.

అదంతా ఆమెకి చెప్పాను. త్రాసు సంగతి కూడా చెప్పాను. "గుమ్మం దగ్గర మీ నాన్న చెప్పులు చూశాను. ఆయన కొనమంటాడని తెలిసిపోయింది. అందుకని నేను వద్దన్నాను."

గోడ అవతల ఎవరో గోల్ కొట్టారు. అరుపులు సద్దుమణిగేదాకా ఆమె ఆగింది.

"అయితే ఆ రోజు మా నాన్న చెప్పులు లోపల విడిచి ఉంటే, ఆ గది నాదన్నమాట."

వియ్యంకుడు దగ్గాడు. ఆమె సొరుగులోంచి ఒక కంట్రోలరు తీసి నా చేతిలో పెట్టింది. "కుడి పక్క బటన్ పనిచెయ్యట్లేదు. బాగుచెయ్యండి. నాన్నా, నువ్వు ఫోను లైటు పట్టుకో. ఇద్దరూ మాట్లాడకండి. ఏది ఎన్నాళ్ళుంటుందో ఇక ఈ గదిలో ఎవరూ చెప్పొద్దు."

ఐదు నిమిషాల్లో బాగుచేసి ఇచ్చాను. కాదు, సాయంత్రం అయింది. వియ్యంకుడు ఆ లైటు బటన్ మీద తప్ప మిగతా అన్నిచోట్లా పట్టుకున్నాడు, ఎక్కువసేపు నా కళ్ళలోకి. ఆ బటన్ ఇప్పటికీ గట్టిగా నొక్కితేనే పనిచేస్తుంది.