ఒడ్డున కూడా ఊగిన నేల

2023 వానాకాలం. హన్మకొండలో నా ఫిజియోథెరపీ క్లినిక్ మొదటి అంతస్తులో ఉంటుంది. మోకాళ్ళ నొప్పులు, నడుము నొప్పులతో వచ్చేవాళ్ళే ఎక్కువ. తల తిరిగి తూలిపోయేవాళ్ళను కూడా చూస్తాను. ఆ చికిత్సను ‘వెస్టిబ్యులర్ రిహాబిలిటేషన్’ అంటారు. లోపలి చెవి, కళ్ళు, కాళ్ళు మూడూ కలిసి మనిషిని నిలబెడతాయి. వాటి మధ్య పొత్తు కుదరనప్పుడు మెదడుకు మళ్ళీ నేర్పించడమే మా పని.

ఒకరోజు కాజీపేట నుంచి శాంతమ్మ అనే రిటైర్డ్ టీచర్ తన ఇంట్లోనే ఉంటున్న చెల్లెలి భర్త రాజారత్నాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. యాభై దాటిన మనిషి, ఎండకు కమిలిన ఒళ్ళు. గోడ పట్టుకుని మెట్లెక్కాడు. కణత మీద పచ్చి గాయం.

“నేల ఊగుతాంది మేడం. పడవ దిగి ఏడాది కావస్తాంది. ఇంకా ఆగుతలేదు,” అన్నాడు.

“మొన్న బాత్రూంల పడ్డడు,” అంది శాంతమ్మ. “స్కానింగులన్నీ మంచిగనే వచ్చినయ్. దవాఖానల మనసు రోగం అన్నరు. నాకైతే అదే నిజమనిపిస్తాంది. మా చెల్లె గ్రేస్‌ను సముద్రంలకు తీస్కపోయిండు. ఒక్కడే తిరిగొచ్చిండు.”

ఆమె మాటలు అలవాటైపోయినట్టు ఆయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

రాజారత్నం ఓడల మీద ఇంజినీరుగా పనిచేసి, ఉద్యోగం మానేసి, పాత తెరచాప పడవ ఒకటి కొన్నాడు. పిల్లలు లేరు. భార్యాభర్తలిద్దరూ కొచ్చిలో బయలుదేరి మాల్దీవులు, అండమాన్, థాయిలాండ్ మీదుగా ఇండోనేషియా దీవుల దాకా వెళ్ళారు. దాన్ని ‘క్రూజింగ్’ అంటారని ఆయనే చెప్పాడు. ఎక్కడికో చేరాలని చేసే ప్రయాణం కాదు, పడవే ఇల్లు. నచ్చిన చోట లంగరు వేసి నెలల తరబడి ఉండిపోతారు. గ్రేస్ ఎనుమాముల మిర్చి మార్కెట్ నుంచి తెప్పించుకున్న మిరపకాయలను డబ్బాలో దాచుకుని, పడవ మీదే వేయించేదట. పక్క పడవలవాళ్ళు దగ్గుతూనే గిన్నెలు పట్టుకుని వచ్చేవారట.

పరీక్షల్లో నాకూ ఏమీ దొరకలేదు. “ఎప్పుడన్న ఆగుతుందా?” అని అడిగాను.

“బస్సెక్కితె ఆగుతది. పొద్దున ఏటూరునాగారం బస్సెక్కి పోయి, మళ్ళ అదే బస్సుల వస్త. బస్సు కదిలినంత సేపు పానం నిమ్మళంగ ఉంటది.”

అక్కడే నాకు జబ్బు పేరు దొరికింది. ‘మాల్ డి డిబార్క్‌మెంట్’, ఓడ దిగాక పట్టుకునే రుగ్మత. సముద్రానికి అలవాటు పడ్డ మెదడు ఒడ్డుకు వచ్చాక కూడా అలలను వదలదు. వాహనం కదులుతుంటే సర్దుకుంటుంది, ఆగితే మళ్ళీ మొదలు. ఇది మనసు కల్పించుకున్నది కాదని ఇద్దరికీ చెప్పాను. కచ్చితమైన మందు లేదని కూడా చెప్పాను.

చికిత్సకు ఊగడం ఎటు నుంచి ఎటు, ఎంత వేగంగా ఉందో తెలియాలి. రోగి చీకటి గదిలో కదిలే నల్లతెల్ల చారలను చూస్తూ, అదే లయలో తల వంచుతూ ఉండాలి. అందుకే అడిగాను. పడవ ప్రయాణంలో ఉన్నప్పటిలా ముందుకు వెనక్కా?

“కాదు,” అన్నాడు. “కుడికి, ఎడమకు. మెల్లగ. లంగరేసి ఉన్నప్పటి ఊగుడు.”

“ఎక్కడ లంగరేసినప్పటిది?”

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. శాంతమ్మ మూలన కుర్చీలోనే ఉంది.

“గ్రేస్‌కు జొరమొచ్చిన కాడ,” అన్నాడు. “చుట్టూ పగడపు దిబ్బ. బయటికి పోనీకె పడమటి దిక్కు ఒక్కటే సందు. జొరం పగటీలి దాటినంక ముదిరింది. రేడియోల పిలిస్తె ఎవ్వరు పలకలే. సందుల కెళ్ళి పోదామంటె పొద్దు కండ్లల్ల కొడతాంది, నీళ్ళ కింద రాయి కనవడది. పడవ పగిలితె ఇద్దరం పోతం. తెల్లారితె పొద్దు ఎనకకు వస్తది, అప్పుడు పోదామన్న. ‘సరే, తెల్లారినంకనే పోదాం’ అన్నది. రాత్రంత పడవ ఊగుతనే ఉన్నది. ఆమె దొర్లకుండ పట్టుకోని కూసున్న. తెల్లారి సందు దాటినం. పక్క దీవి ఒడ్డు చేరకముందే పోయింది. ఆ దీవిల చర్చి కాడనే మట్టి చేసినం.”

శాంతమ్మ ఈ సంగతి వినడం అదే మొదటిసారని ఆమె ముఖం చూశాక తెలిసింది. ఆమె అడిగింది, “నన్నేమన్న యాది చేసిందా?”

“‘జొరమొచ్చిందని అక్కకు చెప్పకు, ఫికర్ చేస్తది’ అన్నది, వదినె.”

ఆమె లేచి వరండాలోకి వెళ్ళిపోయింది. ఆ రోజు ఇద్దరూ వేర్వేరు ఆటోల్లో ఇంటికి పోయారు. ఇక రారేమో అనుకున్నాను. కానీ మర్నాడు శాంతమ్మే ఆయన్ను తీసుకొచ్చింది. ఆయన్ను దెప్పిపొడవడం మానేసింది. మాట్లాడడం కూడా.

వారాలు గడిచాయి. ఊగడం తగ్గుతూ, మళ్ళీ పెరుగుతూ వచ్చింది. దసరా దాటాక ఒక ఉదయం మెత్తటి ఫోమ్ దిండు మీద కళ్ళు మూసుకుని నిలబడ్డవాడు చటుక్కున కళ్ళు తెరిచాడు.

“ఆగింది మేడం.”

నాకు చెప్పలేనంత సంతోషం. ఈ జబ్బు లొంగడం నేను అంతకుముందు చూడలేదు. చెయ్యి పట్టుకుని దించబోయాను. ఆయన దిగలేదు. కాళ్ళ కింద దేనికోసమో వెతుకుతున్నట్టు కిందికే చూస్తూ నిలబడ్డాడు.

“ఆ రాత్రి ఊగుడు ఉన్నన్ని రోజులు ఆమె ఇంకా నా చేతులనే ఉన్నట్టుండె,” అన్నాడు.

శాంతమ్మ వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. “కూసో రత్నం. జర కూసో,” అంది. ఇద్దరూ చికిత్స బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. బయట పేషెంట్లు ఎదురుచూస్తున్నా నేను తలుపు దగ్గరగా వేశాను.

ఊగడం మళ్ళీ రాలేదు. కొన్ని నెలల తర్వాత బజారులో శాంతమ్మ కనిపించింది. గోడ పట్టుకోకుండా నడుస్తున్నాడనీ, రాత్రుళ్ళు మాత్రం నిద్ర పట్టక లేచి కూర్చుంటున్నాడనీ చెప్పింది. “నేను గూడ లేచి కూసుంటన్న,” అంది. “మాట్లాడుకోనీకె ఏముంటది. చాయ్ పెడత.”

జబ్బు తగ్గడం, మనిషి కోలుకోవడం ఒకటేనని అంతకుముందు అనుకునేదాన్ని. ఇప్పుడైతే, తగ్గిపోతుందని హామీ ఇచ్చే ముందు, జబ్బు మొదలైనప్పుడు పక్కన ఎవరున్నారని అడుగుతాను. చాలామంది ఎవరూ లేరంటారు. కొందరు జవాబు చెప్పరు. వాళ్ళకు ఆ రోజు వ్యాయామాలు మొదలుపెట్టను. వాళ్ళ పక్కన కాసేపు కూర్చుంటాను.