బోణీకి అమ్మిన వల

సెమిలిగుడలో మాది వలలు, తాళ్ళు అమ్మే కొట్టు. జలాశయంలో చేపలు పట్టడానికి మా బామ్మర్ది సూరి ఒక్కడు కూర్చునే ప్లాస్టిక్ పడవ కొన్నాడు. గాలానికి పడ్డ చేపను పైకెత్తడానికి పిడి వల కావాలని పొద్దున్నే వచ్చి, ఒకటి కొని, గుమ్మంలోంచే వెనక్కి తిరిగేడు.

"బావా, పిడి పొట్టిగున్నాది. పడవలో కూకుంటే అందదు. పొడుగుది ఇయ్యి."

"బోణీ బేరంరా. వెనక్కి తీసుకోను," అన్నాను. మా నాన్న నాటి నుంచీ అదే పద్ధతి.

ఆ ఆదివారం సూరితో నేనూ జలాశయానికి వెళ్ళి గట్టు మీద టీ తాగుతున్నాను. చేప పడింది. సూరి చాపిన వల జానెడు దూరంలో ఆగిపోయింది. ఇంకాస్త వంగేడు. పడవ తిరగబడింది.

నీళ్ళ మీద పడవ అడుగు ఒక్కటే కనిపిస్తోంది. అరవాలని కూడా నాకు తోచలేదు. గ్లాసు పట్టుకుని, ఆ పిడి ఎన్ని జానలుంటుందా అని ఆలోచిస్తూ నిలబడిపోయాను.

కాసేపటికి పడవ పక్కన సూరి తల తేలింది. లైఫ్ జాకెట్ ఉండబట్టి ఒడ్డుకు చేరేడు. వణుకుతూ ఆ వల నా చేతికిచ్చేడు.

"బోణీ అయిపోనాది కదా బావా. ఇప్పుడు మారుస్తావేటి?"

మార్చేను. ఆ పొట్టి వల ఇప్పటికీ నేను కూర్చునే చోట తలపైనే వేలాడుతోంది. ఎవరైనా అడిగితే అమ్మకానికి కాదంటాను.