పూజలందుకున్న ప్రైవేట్ కీ

భద్రాచలంలో మా సత్రం వెబ్‌సైటు తెరిచిన ప్రతి భక్తుడికీ బ్రౌజరు ముందుగా చెప్పే మాట "ఇది సురక్షితం కాదు" అని. రాముడి నీడలో ఉన్న సత్రాన్ని పట్టుకొని అంత మాట ఎలా అంటుందని కమిటీ అధ్యక్షులు చాలా బాధపడ్డారు. బాధపడి, ఆ బాధను నాకు అప్పగించారు. అందుకు ఆయనకు కృతజ్ఞురాలిని.

ఆయన సారపాక కాగితం మిల్లులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. వరసకు ఏమీ కారు గానీ కాకా అంటాను. నేను బడి మొహం చూడలేదు. అక్షరాలు ఇంట్లో నాన్న నేర్పారు. జావా అనే కంప్యూటర్ భాషను ఫోన్‌లో పాఠాలు వింటూ వంటింటి గట్టు మీద నేర్చుకున్నాను. అలాంటిదాన్ని నమ్మి గదుల బుకింగ్ పని ఇచ్చింది ఈ సత్రం ఒక్కటే. ఇంటి నుంచి చేసుకునే జీతం పని ఈ అడవి అంచున ఇంకోటి దొరకదు. సీతారాముల కల్యాణానికి బుకింగులు తెరిచేలోపు, సురక్షితమని చెప్పే తాళం బొమ్మ సైటు అడ్రసు పక్కన కనపడకపోతే ఆ పని ఖమ్మంలో ఏదో ఏజెన్సీకి ఇచ్చేస్తామని కాకా చల్లగా చెప్పారు. చల్లగా చెప్పినందుకూ కృతజ్ఞతలే.

పని చూడటానికి చిన్నదే. రెండు ఫైళ్లు కావాలి. ఒకటి సర్టిఫికెట్, అంటే ఈ సత్రం ఈ సత్రమేనని బయటివాళ్లు ఇచ్చే ధ్రువపత్రం. వచ్చినవాళ్లందరికీ సర్వర్ దాన్ని చూపిస్తుంది. రెండోది ప్రైవేట్ కీ, రహస్యపు తాళంచెవి. దాన్ని ఎవరికీ చూపించదు. ఈ రెండూ ఎక్కడున్నాయో జావా సర్వర్ సెట్టింగుల ఫైలులో రాసి, సర్వర్‌ను ఆపి మళ్లీ నడపాలి. ఆపమంటే వెంటనే ఆగింది, నడవమంటే నడవలేదు. ఎందుకో వివరించడానికి తెర నిండా అక్షరాలు కుమ్మరించి, నేను ఒక కొటేషన్ గుర్తు మూయలేదన్న అసలు సంగతిని వాటన్నిటి అడుగున వినయంగా దాచిపెట్టింది. ఓపిక నేర్పే గురువులు ఏ రూపంలో వస్తారో చెప్పలేం.

సైటు నడిపే పాస్‌వర్డుగా రాముడి పేరే ఉండాలని కమిటీ తీర్మానం. ఈ ఊళ్లో దొంగైనా మొదట కొట్టి చూసేది ఆ పేరే అన్నాను. ఆ పేరు కొట్టినవాడు దొంగ ఎట్లయితడని కాకా అడిగారు. దండం పెట్టి, నాకు తోచింది పెట్టుకున్నాను.

చివరికి తాళం బొమ్మ వచ్చింది. కాకాకు ఫోన్ చేశాను. మా సత్రంలో కొత్తది ఏదొచ్చినా, బోరు మోటారైనా పిండి గ్రైండరైనా, స్వామి పాదాల దగ్గర పెట్టి పసుపు కుంకుమ అద్దాకే వాడాలి. అందుకని, చేసినవాటిల్లో అన్నిటికంటే ముఖ్యమైంది ఏదని ఆయన అడిగారు. ప్రైవేట్ కీ అని ఉన్నమాట చెప్పాను. సత్రం ఆఫీసు కంప్యూటరే మా సర్వర్. దాని ముందు కూర్చొని ఏ ఫైలైనా తెరిచే హక్కు అధ్యక్షుల వారికి పదవితోపాటే వచ్చింది.

సాయంత్రానికి సత్రం వాట్సాప్ గ్రూపులో ఫొటో దర్శనమిచ్చింది. సీతారాముల పటం ముందు, నాలుగు మూలలా పసుపు పూసుకొని, లామినేషన్‌లో మెరుస్తూ, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా స్పష్టంగా మా ప్రైవేట్ కీ. దాని కింద వరసగా దండాలు. మణుగూరు నుంచి ఒకాయన, వాళ్ల కాలనీ గ్రూపుకు కూడా పంపించి పుణ్యం కట్టుకున్నాడు.

ప్రింటు తీసిన జిరాక్స్ షాపు భాయ్‌కి ఫోన్ చేశాను.

"ఏం బీజాక్షరాలో గానీ అక్కా, ఒక్కటి గుడ నోరు తిరగలే. అందుకే మంచిగ పెద్దగ కొట్టిన," అన్నాడు.

అతని శ్రద్ధను మెచ్చుకొని సత్రానికి పరుగెత్తాను. ఆ కీ దొరికినవాడు మా సత్రం వేషం వేసుకొని భక్తుల కార్డు నంబర్లు కొట్టేయగలడని, దాన్ని రద్దు చేసి కొత్తది చేయక తప్పదని కాకాకు చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది.

"స్వామి కాళ్లకాడ పెట్టినదాన్ని రద్దు జేస్తవా బిడ్డా? ఏజెన్సోళ్లయితే గిట్ల మాట్లాడరు."

"మాట్లాడరు కాకా. గ్రూపుల ఫొటో గుడ చూడరు."

అనేశాను గానీ, నేనూ భక్తురాలినే. దీపం పెట్టనిదే మంచినీళ్లు ముట్టనిదాన్ని. ఆ పాదాలు తాకినదాన్ని చెల్లదనడానికి నాకు మాత్రం మనసెలా ఒప్పుతుంది? పని పోతుందన్న భయం దాని వెనకాలే నిలబడి ఉంది. పటం వైపు చూసి మనసులోనే ఒక మాట అడిగాను. జవాబేదో దొరికినట్టే అనిపించి, తెర మీద సర్టిఫికెట్ తెరిచాను.

"పూజకు గిసొంటిది పెట్టాలె కాకా. కొత్తది రాంగనే ప్రింటు తీసిస్త."

"గిది ఎవరన్న చూస్తే?"

"చూడనీకే ఉన్నది. వచ్చినోళ్లందరికి సర్వర్ చూపెట్టేది గిదే."

"మరి తాళంచెవి?"

"అది స్వామికి తెల్వదా కాకా? మనం చూపెట్టాల్నా?"

కాకా పటానికి దండం పెట్టారు. తర్వాత "అవ్" అని, కుర్చీ నా వైపు జరిపారు.

అక్కడే కూర్చొని కొత్త కీ చేసి, పాత సర్టిఫికెట్ రద్దు చేయించి, కొత్తది తెప్పించాను. పూజ చేసినదాన్ని చెత్తబుట్టలో వేయకూడదు గనుక పాత కీని గోదావరిలో కలపాలన్నారు కాకా. ఇద్దరం కరకట్ట మెట్లు దిగాము. లామినేషన్ చేసింది కదా, మునగలేదు. అక్షరాలన్నీ ఆకాశానికి చూపిస్తూ తాపీగా కూనవరం వైపు సాగిపోయింది. ఇక ఎవరికి దొరికినా నష్టం లేదని ఆయనకు దారంతా చెప్పుకుంటూ వచ్చాను.

ఏజెన్సీ మాట మళ్లీ రాలేదు. బుకింగులు తెరిచిన రోజు తాళం బొమ్మ చూసి గ్రూపంతా స్వామికి కృతజ్ఞతలు చెప్పింది. నేనూ చెప్పాను, నిజంగానే. కీ ఇప్పుడు నేను తప్ప ఎవరూ తెరవలేని చోట ఉంది. దాని పాస్‌వర్డు ఏందని కాకా అప్పుడప్పుడు మాటల్లో పెట్టి అడుగుతుంటారు.

"స్వామికి చెప్పిన కాకా," అంటాను. "ఆయన్నడుగు."