రంగూన్ వైపు తిప్పిన టెలిస్కోపు

యుద్ధం రోజులవి. బెజవాడలో మాకు బట్టల కొట్టుండేది. అన్నయ్య తనే అద్దం అరగదీసి మనిషంత పొడుగు టెలిస్కోపు తయారుచేశాడు. నీహారికలనే వెలుగు మబ్బులు కనిపించాలంటే కటిక చీకటి కావాలని, ఆశ్వయుజంలో అన్నయ్య, నేను, అన్నయ్య స్నేహితులిద్దరూ దివిసీమ సముద్రపు ఒడ్డుకు బయల్దేరాం. దారిలో బండి బురదలో దిగబడింది. దుమ్ము పడకుండా కొట్లోని తెల్లబట్ట చుట్టిన ఆ గొట్టాన్ని వెదురు బొంగులకు కట్టి, నలుగురం భుజాలకెత్తుకుని పొద్దుగూకే వేళ ఒక ఊళ్లోంచి వెళ్తున్నాం.

అరుగుల మీదివాళ్లు లేచి నిలబడ్డారు. ఊళ్లో శవం ఉండగా పొయ్యి వెలగకూడదు గనక ఆడవాళ్లు పొయ్యిలు ఆర్పేశారు. మేం శవాన్ని మోస్తున్నామనుకున్నారని నాకు తట్టేలోపే ఒక ముసలావిడ పరుగెత్తుకొచ్చి ఆ మూటను వాటేసుకుంది.

"వచ్చావా నాయనా!" అంటూ ఘొల్లుమంది.

ఆవిడ కొడుకు రంగూన్‌లో బాంబులు పడి పోయాడని, శవం రాలేదని ఎవరో చెప్పారు. అన్నయ్య బట్ట విప్పి, "చుక్కల్ని చూసే గొట్టమమ్మా, తప్పైపోయింది" అన్నాడు.

ఆవిడ గొట్టాన్ని తడిమి చూసింది. "రంగూన్ ఎటుంది బాబూ? దీన్ని అటు తిప్పు."

చీకటి పడ్డాక అన్నయ్య దాన్ని తూర్పుకు తిప్పాడు. తాటిచెట్ల పైన ఒక నీహారిక, ఊదిన విభూతిలా. ఆవిడ చాలాసేపు చూసింది.

"అక్కడ వెలుగుందయ్యా" అంది.

ఎవరు పొరపాటుగా మాట్లాడినా దిద్దే అన్నయ్య, ఆ వెలుగు ఆవిడ కంటికి తప్పిపోకుండా గొట్టాన్ని మెల్లగా జరిపాడు.

ఆవిడ ఇరుగుపొరుగు వైపు తిరిగి, "ఇక పొయ్యిలు వెలిగించుకోండమ్మా" అంది.

తర్వాత ఆకాశాన్ని చాలాసార్లు చూశాను గానీ, ఆ రాత్రి మాత్రం సముద్రానికి వెళ్లబుద్ధి కాలేదు. ఎవరూ చెప్పకుండానే నలుగురం కాలవలో దిగి తలస్నానం చేసి, తడిబట్టలతో బెజవాడ దారి పట్టాం.