దానియేలన్న సాక్ష్యం

నాలుగేళ్లుగా నేను నాదని చెప్పుకుంటూ వస్తున్న సాక్ష్యం నాది కాదు. ఈ ఒక్క వాక్యాన్ని మింగలేక, కక్కలేక ఇన్నాళ్లూ గడిపాను. మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీరెవరో నాకు తెలియదు. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే నాకు నోరు పెగలదు.

నేను ర్యాప్ పాడతాను. ప్రభువు పాటలు ర్యాప్‌లో ఏమిటని మొదట్లో చాలామంది మూతి విరిచారు. 2009లో, నారాయణగూడలో డిగ్రీ చదువుతున్న రోజుల్లో, చిక్కడపల్లిలోని మా చిన్న సంఘంలో మొదటిసారి పాడాను. పిల్లవాడికి ఏమైనా గాలి సోకిందా అని ఒక పెద్దమ్మ పక్కావిడను అడిగిందట. అయినా మా పాస్టరుగారు మైకు లాక్కోలేదు. జర మెల్లగా పాడు బిడ్డా, మాకు కూడా సమజ్ కావాలె అన్నారు, అంతే. ఆ ఓపికకు ఈరోజుకీ మనసులో దండం పెట్టుకుంటాను. నా పాట బతికింది ఆయన వల్లే.

మా కూటాల్లో ఒక పద్ధతి ఉంది. పాట పాడేవాడు ముందు సాక్ష్యం చెప్పాలి. ఒకప్పుడు ఎలా ఉన్నాను, దేవుడు నన్ను ఎలా మార్చాడు, అదీ సాక్ష్యం. తాగి, కొట్లాడి, జైలు చూసి వచ్చినవాళ్లు మాట్లాడితే హాలంతా కళ్లు తుడుచుకుంటుంది. నాకేముంది చెప్పడానికి? అశోక్‌నగర్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు, గుమస్తా నాన్న, తప్పకుండా సండే స్కూలు. నేను చేసిన ఘోరపాపం, క్రిస్మస్ నాటకంలో గొర్రె వేషం వేసి నిద్రపోవడం.

దానియేలన్న మా సంఘానికి ఆ ఏడాదే వచ్చాడు. పాలమూరు వైపు మనిషి, సెంట్రింగ్ పని. అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ బిల్డింగ్ లేస్తుంటే అక్కడ పనిచేసేవాడు. తల్లితో రాంనగర్ బస్తీలో ఉండేవాడు. బాప్తిస్మానికి ముందు అందరి ఎదుట సాక్ష్యం చెప్పాలి. తనకు మైకు ముందు మాటలు రావనీ, తాను చెబుతుంటే రాసిపెట్టమనీ, దాన్ని కూడబలుక్కుని నేర్చుకుంటాననీ నన్ను అడిగాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద కూర్చుని చెప్పాడు, నేను రాశాను. తల్లి జ్వరంతో పడుంటే మందులకని వెళ్లి, కల్లు కంపౌండులో కూర్చుని, మూడో రోజు ఇల్లు చేరాడట. పక్కింటివాళ్లే ఆమెను చూసుకున్నారు. గడప దాటి లోపలికి రావడానికి భయపడి నిలబడితే, చాప మీది నుంచి లేవకుండానే ఆమె అడిగింది, తిన్నవా బిడ్డా అని. ఆ రోజుతో తాగుడు మానేశాడు.

ఆ మాట రాస్తుంటే నా చేయి ఆగిపోయింది. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నన్నెవరూ అలా అడిగిన గుర్తు లేదు. అప్పుడే ఆ కథకు ఆశపడ్డానా? ఆ తల్లి కోసమా, చప్పట్ల కోసమా? ఎన్నిసార్లు అడుక్కున్నా ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది.

బాప్తిస్మం కాకముందే అన్నను మేస్త్రి వేరే ఊరి పనికి తీసుకెళ్లాడు. కాగితం నా బైబిల్లోనే ఉండిపోయింది. మరుసటి ఏడాది నగరంలో పెద్ద యువజన సభ. నన్ను పిలిచారు. పాటకు ముందు సాక్ష్యం చెప్పు బ్రదర్ అన్నారు. ఎదురుగా అంత జనం. నోరు తెరిచాను. అన్న కథ వచ్చింది, నా కథై వచ్చింది. తర్వాత దాన్నే పాటగా కట్టాను. తల్లి అడిగిన మాటే పల్లవి.

ఆ పాట బ్లూటూత్‌లో ఫోన్ నుంచి ఫోన్‌కు పాకింది. కూటాల కరపత్రాల మీద నా ఫొటో వచ్చింది. మా నాన్న విని, పాటల్లో ఎన్నో కల్పిస్తారు కదా అనుకున్నాడు. నన్ను నిక్కర్ల నాటి నుంచి ఎరిగిన మా సంఘంలో మాత్రం సాక్ష్యం జోలికి పోకుండా జాగ్రత్తపడ్డాను. ఒక ఊళ్లో ఒకాయన నా రెండు చేతులూ పట్టుకుని, నీ పాట విని తాగుడు మానేశాను బ్రదర్ అని ఏడ్చాడు. నా అబద్ధాన్ని కూడా దేవుడు వాడుకున్నాడని అనుకోవచ్చు. అలా అనుకుంటే హాయిగా ఉంటుంది. అందుకే ఆ ఆలోచనను నేను నమ్మను.

నిరుడు రాంనగర్‌లో ఒక ఇంట్లో, ఆదివారం మధ్యాహ్నం ప్రార్థన కూటం. నేను అతిథిని. వెనక నుంచి ఒకాయన సాక్ష్యం చెబుతానని లేచాడు. దానియేలన్న. పని ముగించుకుని తిరిగొచ్చాడని నాకు తెలియదు. మైకు లేకపోయినా ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెబుతున్నాడు. మందులు, కల్లు కంపౌండు దాకా వచ్చేసరికి ఒక కుర్రాడు, "అది ఈ బ్రదర్ సాక్ష్యం గదా అన్నా, పాటల విన్నం" అన్నాడు. అందరూ నవ్వారు. ఎగతాళిగా కాదు, ముద్దుగానే. అన్న నా వైపు చూశాడు. నేను ఒక్క మాట అంటే చాలు. నేను బైబిల్ పేజీలు తిప్పాను. ఆయన కూర్చున్నాడు.

కూటం ముగిశాక గల్లీలో నా కోసం ఆగాడు.

"అన్నా..." అన్నాను.

"ఏం గాదు తమ్మీ. పాట మంచిగుంది. మా అమ్మ గూడ ఫోన్ల ఇన్నది. ఏడ్సింది."

నేను తల దించుకున్నాను.

"ఒక్కటే పరేషాన్," అన్నాడు. "ఇగ నా ముచ్చట నేను యాడ చెప్పాలె?"

కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగాడు. నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత వెతికాను. తల్లీకొడుకులు ఉన్న బస్తీ ఇల్లు ఖాళీ చేశారు. ఫోన్ కలవడం లేదు. నా పాట, నా పేరు, ముక్కూమొహం తెలియని ఇళ్లలో నాకు పెట్టిన అన్నం, అన్నీ ఆయన పెట్టిన భిక్షే. నలుగురిలో నన్ను బయటపెట్టనందుకు ఆయనకు నేను జన్మంతా కృతజ్ఞుణ్ణి. అది క్షమించడమని మాత్రం అనుకోను. ఆయన క్షమించానని అనలేదు, నేను అడగనూ లేదు.

నా పేరు రాయకుండా ఒప్పుకోవడం సగం ఒప్పుకోవడమే. తెలుసు. అయినా ఇంత రాసేసరికి ఊపిరి కాస్త ఆడుతోంది. మీ సంఘంలో ఎప్పుడైనా ఒక సెంట్రింగ్ పనివాడు లేచి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ ఈ కథ మొదలుపెడితే, పాటలో విన్నామని అనకండి. చివరిదాకా చెప్పనివ్వండి.