బాపు గుర్రం చెవుల్లో గోమార్లు

కారణం లేకుండా ఏదీ జరగదని వేదికలెక్కి ఎన్నేళ్లుగానో వాదిస్తున్నాను. గ్రహణాల మీద మాట్లాడాను, పూనకాల మీద మాట్లాడాను. ఎదుటివాళ్లు కోపంతో లేచి వెళ్లిపోయినా గొంతు తగ్గించలేదు. అయితే మా బాపు గుర్రానికి పట్టిన గోమార్లు ఎందుకు రాలిపోయాయని ఎవరైనా అడిగితే మాత్రం, ఇవాళ్టికీ నా దగ్గర జవాబు లేదు.

బాపు బోధన్‌లో టాంగా నడిపేవాడు. బస్టాండు దగ్గర అడ్డా, అక్కడి నుంచి చక్కెర ఫ్యాక్టరీ దాకా కిరాయిలు. ఉన్నది ఒక్కటే ఎర్ర గుర్రం. నేను నిజామాబాదులో కొత్తగా బడిపంతులునై, ఆదివారాలు బస్సెక్కి ఇంటికి వచ్చేవాణ్ణి. అరవైల్లో ఒక ఎండాకాలం చివర, బడులు తెరిచిన కొత్తలో, అలా వచ్చేసరికి గుర్రం డొక్కలు ఎండిపోయి కనిపించాయి. చెవుల లోపల, జూలు కింద, తోక మొదట్లో గోమార్లు. నెత్తురు తాగి ఆముదపు గింజల్లా ఉబ్బి ఉన్నాయి. అంతకుముందు రోజే ఫ్యాక్టరీ గేటు దగ్గర, బండిలో మనుషులుండగానే ముందుకాళ్ల మీద కూలబడిందట. ఆ సంగతి చెబుతూ బాపు నా మొహం చూడలేదు. ఇంకోసారి కూలబడితే మళ్లీ లేవదని ఆయన భయం.

గోమార్లను ఆయన రోజూ ఏరుతున్నాడు. కానీ చంపడం లేదు! మోదుగాకులో వేసి, పొద్దున్నే ఊరి పొలిమేర దాకా నడిచి, అక్కడ ప్రాణాలతో వదిలి, దండం పెట్టి వస్తున్నాడు. ఒక్కదాన్ని చంపితే నూరు వస్తాయని అడ్డాలో టాంగావాళ్లందరి నమ్మకం.

నాకు ఒళ్లు మండింది. "దొంగను పట్టుకొని, పక్కింటి తాళంచెవి చేతికిచ్చి పంపుతున్నవు బాపూ. గవి నడుచుకుంట ఇంకో గుర్రానికి పట్టయా?"

"ఇంకో గుర్రం అటు పోదు."

"ఎడ్లు పోతయి గద? చెరుకు బండ్లన్నీ గటే పోతయి."

"ఎద్దుకు తోలు మందం," అన్నాడు బాపు.

మా అమ్మను అవ్వ అనేవాణ్ణి. గుమ్మంలో బియ్యం చెరుగుతున్న ఆమె చేట ఆపి నవ్వింది. "ఎద్దుతోని అడిగినవా ఏంది, మందమేనా అని?"

ఆ రోజే పశువుల దవాఖానకు వెళ్లి కాంపౌండరు దగ్గర తెల్లటి పొడి తెచ్చాను. వెంట్రుకలకు ఎదురుగా రుద్దాలి, కళ్లకు తగలనివ్వకూడదు, కొట్టంలో గోడల మీద కూడా చల్లాలి. ఏరినవాటిని కిరసనాయిలు డబ్బాలో వేసి చంపాలి. ఇవన్నీ చెప్పి చివరికి ఒక షరతు పెట్టాను. "నెల రోజులు పొలిమేర బంద్. మాటియ్యి."

బాపు గుర్రం మెడ నిమిరాడు. "సరే పంతులూ," అన్నాడు. కోపం వచ్చినప్పుడే నన్ను పంతులు అనేవాడు.

రెండో ఆదివారానికి చెవులు సగం శుభ్రపడ్డాయి. నాలుగో ఆదివారానికి వేలితో వెతికినా ఒక్కటి దొరకలేదు. గుర్రం దాణా మిగల్చకుండా తింటోంది. నిజామాబాదులో మా చర్చామండలి మిత్రులకు ఈ విజయం వినిపించాలని బస్సు కోసం నిలబడి ఉపన్యాసం కూర్చుకుంటున్నాను. అడ్డాలో ముసలి టాంగావాడొకాయన బీడీ ముట్టిస్తూ నన్ను పలకరించాడు.

"గుర్రం మంచిగైంది గద సారూ. గాకపోతే మీ బాపుకు పాపం పొద్దుగాల నడక తప్పుతలేదు. ఆకు పట్టుకొని రోజూ పొలిమేరకే."

"రోజూనా?"

"ఒక్కనాడు తప్పలే."

"మరి నీ గుర్రానికి ఏం మందు వేసినవు?"

"నేనేం వేస్త? ఏరుడు లేదు, రుద్దుడు లేదు. వానలు వడ్డయి, దానికి సుత తగ్గినయి."

బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు. తిరిగి ఇంటికి నడుస్తుంటే తలలో లెక్క కుదరడం లేదు. పొడి పనిచేసిందా? వానలా? అవ్వను అడిగితే ఇంకో ముడి పడింది. ఆ నెలలోనే, గోమార్లు దాక్కునే కొట్టం గోడల పగుళ్లన్నీ మట్టితో పూడ్చి సున్నం వేసిందట. ఎందుకని అడిగాను. "సూడనీకె మంచిగుంటదని," అంది.

బాపు బండి చక్రానికి నూనె పెడుతున్నాడు.

"మాటిచ్చి తప్పినవు గద బాపూ."

"ఏం తప్పిన? నువ్వు చెప్పిన పొడి రుద్దిన. గాసునూనెల వేసి చంపిన. రోజుకు ఓ రెండింటిని మాత్రం ఆకుల పెట్టి తీస్కపోయిన."

"ఎందుకు? నమ్మకమా?"

చెయ్యి గుడ్డకు తుడుచుకున్నాడు. "అది సచ్చిపోతే నీ పొడితోని సచ్చిందని నేనంటుంటి, నా మొండితనంతోని సచ్చిందని నువ్వంటుంటివి. బతికినన్ని దినాలు మనిద్దరికి గదే లొల్లి. గందుకే రెండు జేసిన."

అయినా ఊరుకోలేకపోయాను. వచ్చే ఎండాకాలం ఒక్కొక్క గుర్రానికి ఒక్కొక్కటే చేసి చూద్దామన్నాను. ఒకదానికి పొడి, ఒకదానికి పొలిమేర, ఇంకోదానికి ఏమీ చేయకుండా వదిలెయ్యడం. అప్పుడు కారణం తేలుతుంది.

"మంచిదే," అన్నాడు బాపు. ఆ గొంతులో ఎగతాళి లేదు. "ఏమీ చెయ్యకుంట ఇడిసేది ఎవరి గుర్రాన్ని? మనదాన్నే ఇడుద్దామా?"

గుర్రం మా ఇద్దరి మధ్య గడ్డి నములుతోంది. ఔననాలి. అంతకాలం నేను మాట్లాడినదానికి అదొక్కటే సరైన జవాబు. ఔననకుండా గుర్రం చెవిలో వేలు పెట్టి, గోమార్లేమైనా మిగిలాయేమోనని వెతికాను. బాపు అది చూసి, రెండో చక్రం దగ్గరికి జరిగాడు.