కాంట్రాక్టరు మందు

మా ఓబుళేసు చిన్నాయనకు లోకంలో ఏ కష్టం కనబడినా మందు ఒక్కటే: ట్రయాకాంటనాల్. ఆకుల మీద, తేనెతుట్టెలో ఉండే మైనం నుంచి తీసే ఒక రకం ఆల్కహాలు అది. మొక్క ఏపుగా ఎదగడానికి కొడతారు. చిన్నాయనకు నోరు తిరగక ఆ పేరు ‘ట్రై కాంట్రాక్టరు’ అయింది. దాంతో మా ఊరు బెళుగుప్ప మొత్తం ఆయన్నే కాంట్రాక్టరన్నా అని పిలవడం మొదలుపెట్టింది.

పిల్లోడు పొట్టిగా ఉన్నాడన్నా, బట్టతల వస్తోందన్నా ఆయన జవాబు ఒకటే.

"ఒక మూత కాంట్రాక్టరు కొట్టప్పా!"

"ఆల్కహాలంటివి గదన్నా, నాకు రెండు మూతలు పొయ్యి" అన్నాడు ఒకసారి తాగుబోతు మద్దిలేటి.

"నువ్వు ఇప్పటికే ఏపుగా ఉండావు, పో!"

ఈ ఏడు శెనక్కాయ చేలల్లో ఊడలు భూమిలోకి దిగి కాయ కట్టే వేళకు వాన మొహం చాటేసింది. పక్క చేను గంగాదేవక్కది. ఒక్క తడి పడకపోతే ఆమె పంటంతా పశువుల మేతే. చిన్నాయన బోరులో నీళ్లున్నాయి. కానీ అంతకుముందు గట్టు తగాదాలో ఆమె నలుగురి ముందు, "నీ బోరు నీళ్లు నా చేన్లో పారితే నా మీద ఒట్టు" అనేసింది. మాట మీద నిలబడే మనిషి. ఎండే చేనును చూస్తూ ఆమె గట్టున కూర్చునేది.

ఒక పొద్దున చిన్నాయన సీసా పట్టుకుని గట్టెక్కాడు.

"ఏమ్మా గంగాదేవీ, ఈ మందుకు తారీకు అయిపోతాంది. నీ చేనికి కొట్టేదా?"

"నీళ్లయితే వద్దు."

"నీళ్లు యాడివి? మందు!"

"మందయితే కొట్టుకో."

మరుక్షణం మోటారు వేసి, పైపు ఆమె చేనులోకి తిప్పాడు. నాకు మతి పోయింది.

"చిన్నాయనా, అది ఆకుల మీద కొట్టేది గదా! స్ప్రేయరు ట్యాంకు నీళ్లకు మూతెడు చాలు. బోరు బోరంతా పారిస్తాండావే?"

"కాంట్రాక్టరుకు నీళ్లు జాస్తి కలపాలరా. నీకేం తెలుసు, నోర్మూసుకో!"

సాళ్లన్నీ తడిశాయి. సాయంత్రానికి వాడిన ఆకులు తలెత్తాయి. "చూసినావా మందు గుణం!" అని చిన్నాయన మీసం తిప్పుకుంటూ ఇంటికి పోయాడు. గట్టున ఆయన మరిచిపోయిన సీసాను గంగాదేవక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. చూస్తే, దానికి సీలు కూడా విప్పలేదు.

గంగాదేవక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"మీ చిన్నాయనకు ఇచ్చెయ్యప్పా. మందు బాగా పనిచేసినాదని చెప్పు. వారం పోయినాక ఇంగొక తూరి కొట్టమను."